అలాయ్ వీల్స్ కోటింగ్ కింద తెల్ల గీతలు, పైన పెయింట్ కొట్టిస్తే ఆగుతాయా?

గుంటూరు వాసి:
మా కారుకి కంపెనీతో వచ్చిన డైమండ్ కట్ (ముఖాన్ని లేత్ మీద చెక్కి మెరిపించిన) అలాయ్‌లు. స్పోకుల అంచుల్లో క్లియర్ కోట్ (రంగు లేని పై పూత) కింద పురుగు పాకినట్టు తెల్లటి సన్న గీతలు మొదలయ్యాయి, వానాకాలం తర్వాత ఇంకా పెరిగాయి. వెనక చక్రంలో పంక్చర్ లేకుండానే గాలి తగ్గుతోంది, అదే టెన్షన్. పిల్లలతో సూర్యలంక బీచ్‌కి తరచూ వెళ్తాం. ఇక్కడ షెడ్‌లో అడిగితే పైపైన రుద్ది సిల్వర్ కొట్టేస్తామంటున్నారు. కొట్టించనా?

బెజవాడ పెయింటర్:
వద్దన్నా. రాయి తగిలో, బ్యాలెన్సింగ్ వెయిట్ (చక్రం అదరకుండా పెట్టే చిన్న బరువు) క్లిప్పు గీసుకునో కోటింగ్ చిట్లితే ఉప్పు, తేమ అక్కడి నుంచి దిగి పూతకీ అల్యూమినియానికీ మధ్య పాకుతూ పోతాయి, డైమండ్ కట్‌లో పదునైన అంచుల మీద క్లియర్ పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడే ముందు మొదలవుతుంది. గీత కనిపించే చోటు దాటి కూడా పూత పట్టు వదిలేసి ఉండొచ్చు. పైన రంగేస్తే లోపల దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది.

టైరు విప్పించి, పెయింట్ రిమూవర్‌తో పాత పూత మొత్తం తీయించండి. కాస్టిక్ సోడాలో ముంచనివ్వకండి, అది అల్యూమినియాన్నే తినేస్తుంది. తెల్ల పొడి పూర్తిగా పోయేదాకా 180 నంబరు శాండ్ పేపర్‌తో, ఆపైన 320తో రుద్దించండి. ఇనుప బ్రష్ అసలు తగలనివ్వద్దు, దాని రేణువులు కూరుకుపోయి మళ్లీ తుప్పుకు దారి ఇస్తాయి. జిడ్డు తుడిచి ఆలస్యం లేకుండా ఎపాక్సీ ప్రైమర్ (లోహాన్ని పట్టుకునే తొలి పూత), రంగు, చివర 2కె క్లియర్ (హార్డెనర్ కలిపి వేసే క్లియర్ కోట్). హబ్బుకి (చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి) ఆనే చోట, నట్లు కూర్చునే చోట మాత్రం మందంగా పెయింట్ పడకూడదు, పడితే తర్వాత నట్లు వదులవుతాయి.

ఆటోనగర్ టైర్లు:
గాలి సంగతి ముందు చూడండి. వాల్వ్ దగ్గరా, టైరు అంచు రిమ్ముకి ఆనే చోటా సబ్బు నీళ్లు పోస్తే బుడగలు చెప్పేస్తాయి. ఆ అంచు కింద తుప్పు పొడి పేరుకున్నా సన్నగా గాలి పోతుంది, శుభ్రం చేసి బీడ్ సీలర్ (టైరు అంచు దగ్గర సందు మూసే పూత) రాస్తే సరిపోతుంది. పగులు కనిపిస్తే మాత్రం వెల్డింగ్ చేస్తామన్నా ఒప్పుకోకండి, వీల్ మార్చాల్సిందే.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి అతికించే పూత) కూడా గట్టిగానే నిలుస్తుంది, ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కానీ పాత పెయింటుని మంటతో కాల్చి తీసే చోటికి ఇవ్వొద్దు, ఆ వేడికి అలాయ్ బలం పోతుంది.

కృష్ణలంక కారు:
బీచ్ నుంచి వచ్చాక చక్రాలు చల్లారనిచ్చి, అదే రోజు మంచి నీళ్లతో లోపలివైపు కూడా కడగండి. వాషింగ్ సెంటర్‌లో యాసిడ్ క్లీనర్ వద్దని ముందే చెప్పండి, మామూలు కార్ షాంపూ చాలు. బోరు నీళ్లయితే ఆరేలోపు తుడిచేయాలి. వెయిట్లు క్లిప్పువి కాకుండా లోపల అంటించేవి అడగండి.

గుంటూరు వాసి:
అందరికీ థ్యాంక్స్. డైమండ్ కట్ మళ్లీ చేయించొచ్చా?

బెజవాడ పెయింటర్:
చేయొచ్చు, కానీ ప్రతిసారీ లేత్ మీద కొంత లోహం చెక్కేస్తారు, అదే పల్చటి అంచు మళ్లీ వస్తుంది. మీ బీచ్ ప్రయాణాలకి మొత్తం ఒకే రంగు వేయించుకోవడమే నయం అన్నా. బిగించాక వంద కిలోమీటర్లలోపు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచి బిగించే పానాతో) నట్లు ఇంకోసారి చూపించండి.