జొన్నరొట్టెలకు ఏ గ్యాస్ పొయ్యి మంచిది? అత్తమ్మ కింద పెట్టమంటున్నది

దేవరకొండ కోడలు:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. పాత గ్యాస్ పొయ్యి బర్నర్లు అరిగి మంట ఒకదిక్కే వస్తున్నది, కొత్తది కొనాలె. నల్లగొండల ఒక దుకాణం వాళ్లు మూడు బర్నర్ల గాజు పొయ్యి చూపెట్టిన్రు. తుడుస్తె సాఫైతది, చూడ సక్కగ ఉంటది అన్నరు. మా ఆయనకు మస్తు నచ్చింది. నాకేమో మనసొప్పుతలేదు. మా ఇంట్ల పొద్దుమాపు జొన్నరొట్టె కావాలె. పెంక ఇనుపది, పెద్దది, రెండు చేతులతోని లేపేంత బరువు. గాజు మీద అది ఆగుతదా?

ఇంకో ముచ్చట. మా అత్తమ్మ పెండ్లయి వచ్చినప్పటి సంది కట్టెల పొయ్యి ముందు కూసొనే రొట్టె కొట్టింది. దీపం పథకంల గ్యాస్ వచ్చినా అది చాయకు, పాలకే. ఇప్పుడు ఆమెకు పొగతోని దగ్గు ఆగుతలేదు, కట్టెల పొయ్యి బంద్ చెయ్యాలన్నడు డాక్టర్. కని నిలబడి రొట్టె కొడ్తె భుజాలు గుంజుతున్నయంటది. "గ్యాస్ పొయ్యి కిందనే పెట్టియ్యి బిడ్డా, నేను చేస్కుంట" అని రోజూ అడుగుతున్నది. సిలిండర్ పక్కన పొయ్యి నేల మీద పెట్టొచ్చునా? హైదరాబాద్‌ల మా ఆడబిడ్డ తన పాత పొయ్యి ఇస్తానంటున్నది, వాళ్లది పైపులైన్ గ్యాస్. అది మనకు నడుస్తదా? తెలిసినోళ్లు చెప్పుర్రి.

మిర్యాలగూడ నుంచి:

మా ఇంట్ల గాజుదే ఉన్నది, ఏ తిప్పలా లేదు. మేము వండేది అన్నం, కూర, చాయ. రొట్టె సంగతి నాకు తెల్వదు. ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు చూసి కొనుర్రి.

పాలమూరు మెకానిక్:

అక్కా, నేను పాలమూరుల గ్యాస్ పొయ్యిలు బాగు జేస్త. జడ్చర్ల, దేవరకద్ర దిక్కు ఊర్లకు గూడ పిలిస్తె పోత. గాజా స్టీలా అన్నది తర్వాత మాట్లాడుదాం. ముందుగాల కింద పెట్టే ముచ్చట.

పెట్టకుర్రి. అత్తమ్మ అలిగినా సరే పెట్టకుర్రి. మనం వాడే గ్యాస్ గాలి కంటె బరువు. రెగ్యులేటర్ కాడనో పైపు కొసకాడనో జరంత లీకయ్యిందనుకోండి, అది పైకి లేచి కిటికీల నుంచి ఎల్లిపోదు. నీళ్ల లెక్క కిందికి దిగి నేలంతా పరుచుకుంటది, మూలలకు చేరి ఆగుతది. మంట గూడ ఆ నేల మీదనే ఉంటె ఇగ చెప్పేదేమున్నది. గాలిల రెండు శాతం గ్యాస్ కలిసినా చాలు, అంటుకుంటది. కూసుండి వండేటామెకు చీర కుచ్చిళ్లు, కొంగు, ముఖం అన్నీ ఆ ఎత్తులనే ఉంటయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి దబ్బున లేచి బయటికి ఉరకలేదు గద. అందుకే సిలిండర్ నేల మీద నిలువుగ, పొయ్యి దానికంటె ఎత్తుల ఉండాలె. కొందరు సిలిండర్ బయటపెట్టి గోడకు బొక్క కొట్టి రబ్బరు పైపు లోపలికి తీస్తరు. అది గూడ వద్దు. గోడ లోపల పైపు పగిలినా, ఎలుక కొరికినా కంటికి కనపడది.

ఇగ పొయ్యి. గాజు పొయ్యి చెడ్డదని నేననను. అది గట్టి పరిచిన గాజు, మిర్యాలగూడ వాళ్లు చెప్పినట్టు అన్నం కూర ఇంట్ల ఏండ్లకేండ్లు ఉంటది. కని రొట్టె ఇంట్ల దానికి మూడు దిక్కుల నుంచి దెబ్బ. రొట్టె మీద నీళ్లు అద్దేటప్పుడు తడి బట్ట నుంచి చుక్కలు కాలిన గాజు మీద పడ్తయి. పెద్ద పెంక బర్నర్‌ను మొత్తం కప్పేస్తది, వేడి పక్కలకు పోలేక కిందికి మర్లి గాజునే కాలుస్తది. పెంక దించేటప్పుడు అంచు తగిలిందా, ఇగ అంతే. ఆ గాజు పలిగితె గీత పడి ఊకోదు, మొత్తం చిన్న చిన్న ముక్కలై కుప్పవడ్తది. అసొంటి పొయ్యిలు రొట్టెల ఇండ్లల్ల నుంచే నా దగ్గరికి ఎక్కువొస్తయి.

మీకు స్టీలు బాడీది, రెండు బర్నర్లదే తీస్కోండి. మూడు బర్నర్లంటె చూడనీకి మంచిగుంటది, కని మీ పెంక ఒకదాని మీద పెడితె పక్కదాని మీద గంజు పట్టది. మూడోది ఊకనే ఉంటది. రెండు బర్నర్ల నడుమ జాగ ఎడంగ ఉన్నది చూడుర్రి. దుకాణానికి పోయేటప్పుడు మీ పెంక సంచిల ఏస్కొని పోండి, నామోషీ పడకుర్రి. పొయ్యి మీద పెట్టి చూడాలె: ఊగుతున్నదా, కాళ్ల మీద సక్కగ కూసున్నదా, పక్కన అన్నం గిన్నెకు జాగ ఉన్నదా. ఒక బర్నర్ వెడల్పుగ ఉండాలె. చిన్న బర్నర్ మీద పెద్ద పెంక పెడితె రొట్టె నడుమ మాడుతది, అంచులు పచ్చిగుంటయి. అప్పుడు మంట పెంచుతరు, గ్యాస్ ఒడుస్తది, రొట్టె మాత్రం గట్లనే ఉంటది. బర్నర్ ఇత్తడిది అయితె మంచిది, అల్యూమినియంది తొందరగ అరుగుతది. గిన్నె ఆనే కాళ్లు మందంగ ఉండాలె, పల్చటి రేకువి మీ పెంక బరువుకు వంగుతయి.

ఐఎస్ఐ గుర్తు కాడ ఐఎస్ 4246 అని ఉంటది. ఆ లెక్క ప్రకారం మండిన గ్యాస్ వేడిల కనీసం 68 శాతం గిన్నెకు అందాలె. స్టార్ల స్టిక్కర్ ఉంటె అంతకంటె ఎక్కువ అందేది ఏదో అందుల తెలుస్తది.

మీ ఆడబిడ్డ పొయ్యి ఉన్నది ఉన్నట్టు పెట్టకుర్రి. పైపులైన్ గ్యాస్‌కు జెట్ (బర్నర్‌లకు గ్యాస్ వదిలే సన్న ముక్క) బొక్కలు పెద్దగుంటయి. మన సిలిండర్ గ్యాస్‌కు అవే జెట్లు వాడితె మంట పొడుగ్గ, పసుపుపచ్చగ లేస్తది, గిన్నెలు మసి పడ్తయి. మెకానిక్‌తోని జెట్లు మార్పిస్తెనే వాడాలె. అయినా అది గాజుదో స్టీలుదో చూసి, స్టీలుదైతెనే అనుకోండి.

కొత్త పొయ్యికి పాత పైపు తగిలియ్యకుర్రి. నారింజ రంగు సురక్ష పైపు తీస్కోండి, మీటరున్నర కంటె పొడుగొద్దు, దాని మీద తయారైన నెల ఏడాది రాసుంటది. ఐదేండ్లకు మార్చాల్సిందే, పైకి మంచిగ కనపడినా సరే.

నారాయణపేట అక్క:

చెల్లె, తమ్ముడు చెప్పిందంతా నిజం. నేను రొట్టె చేసేదాన్ని, అత్తమ్మ భుజాల సంగతి నేను చెప్త.

రొట్టె కొట్టుడు చేతుల బలం కాదు, పైనుంచి ఒంటి బరువు ఆనాలె. కూసున్నప్పుడు పీట మోకాళ్ల కిందికి ఉంటది కాబట్టి బరువు తానే ఆనుతది. ఇప్పటి వంటగదులల్ల కడప బండ నడుముకంటె ఎత్తుల పరుస్తరు. దాని మీద పిండి కొట్టాలంటె మోచేతులు పైకి లేస్తయి, భుజాలే అంతా మొయ్యాలె. మీ అత్తమ్మ బద్దకానికి అంటలేదు, ఆ ఎత్తే ఆమెకు పొత్తు కుదరది.

మేము ఏం చేసినమంటె, గద్దె తగ్గించి కట్టించినం. సిలిండర్ దగ్గరదగ్గర రెండడుగులుంటది. గద్దె 27 అంగుళాలుంటె సిలిండర్ కంటె ఎత్తే గద. దాని మీద పొయ్యి ఇంకో ఐదారంగుళాలు లేస్తది, పెంక సరైన కాడికొస్తది. పిండి గద్దె మీదనే పొయ్యి పక్కన కొడ్తె మోచెయ్యి కిందికే ఉంటది. మా అమ్మ పొట్టి మనిషి, ఆమెకు ఇది బాగ కుదిరింది. అంత దూరం ఎందుకనుకుంటె అత్తమ్మను కింద పీట మీదనే కొట్టనియ్యి, పెంక మీద ఏసుడు, కాల్చుడు నువ్వు చెయ్యి. పండుగలకు మా ఇంట్ల ఇప్పటికీ అట్లనే.

పిండి ఉడుకు నీళ్లతోని కలిపితె రొట్టె పలగది, కొట్టనీకి గూడ అల్కగైతది. నిప్పుల మీద పొంగినట్టు గ్యాస్ మీద పొంగదని అత్తమ్మ అంటది చూడు. పెంక మొదలు మంచిగ కాగనియ్యాలె, నీళ్లు అద్దినంక తడి ఆరంగనే తిప్పాలె, ఆఖరుకు బట్టతోని అంచులు ఒత్తుకుంట తిప్పితె పొంగుతది. మంట సెగల రొట్టెను నేరుగ పెట్టొద్దు, మాడిన పిండి రాలి బర్నర్ బొక్కలల్ల పడ్తది.

దేవరకొండ కోడలు:

అక్కా, అన్నా, సల్లగుండుర్రి. అత్తమ్మకు చదివి వినిపించిన. గ్యాస్ నేల మీద పరుచుకుంటదన్న మాట విన్నంక కింద పెట్టమనుడు ఆపింది. గద్దె తగ్గిస్తె నిలబడి చూస్తా అన్నది. వంటగదిల కొత్త గద్దె ఎట్లాగూ కట్టాలె.

ఇంకో రెండు అడుగుత. మా బోరు నీళ్లు ఉప్పన, గిన్నెలకు తెల్లగ చారలు పడ్తయి. పొయ్యి కూడా అట్లనే ఖరాబైతదా? అంబలి కాసినప్పుడల్లా పొంగి బర్నర్ మీద పడ్తది, దానికేం చెయ్యాలె?

పాలమూరు మెకానిక్:

నల్లగొండ జిల్లా నీళ్ల సంగతి తెలిసిందే గదక్కా. ఉప్పు నీళ్లతోని తుడిచి అట్లనే వదిలేస్తె స్టీలు మీద గూడ తెల్లమరకలు పడ్తయి, మేకుల కాడ తుప్పు పడ్తది. తడి బట్టతోని తుడిచినంక పొడి బట్టతోని మళ్లొకసారి తుడువుర్రి. బర్నర్ మూత ఇత్తడిదైతె చింతపండు నీళ్లల్ల నానబెట్టి తోమి, బొక్కలు సన్న పిన్నుతోని తియ్యుర్రి. పూర్తిగ ఆరినంకనే పెట్టాలె, లోపల నీళ్లుంటె మంట ఎగిరెగిరి ఆరుతది. మూత గాట్లల్ల సక్కగ కూసోవాలె. వంకరగ కూసుంటె మంట మూత కింద నుంచి మండుతది.

అంబలి పొంగుడు అన్నిటికంటె చూస్కోవాల్సింది. మన ఇండ్లల్ల ఉన్న పొయ్యిలు చాలామటుకు మంట ఆరితె గ్యాస్ తానే ఆగేటివి కావు. అంబలి పొంగి మంట ఆర్పుతది, గ్యాస్ మాత్రం వస్తనే ఉంటది. పెద్ద గంజుల సగానికే కాయుర్రి, పొయ్యి కాడ మనిషి ఉండాలె. గ్యాస్ వాసన వస్తె ముందు నాబ్, రెగ్యులేటర్ బంద్ చెయ్యాలె, తలుపులు కిటికీలు తెరవాలె. లైటు, ఫ్యాను స్విచ్ ఏసుడు గాని తీసుడు గాని చెయ్యొద్దు. సిలిండర్ నుంచే కారుతుంటె రెగ్యులేటర్ తీసి, తాడుకు ఉన్న ప్లాస్టిక్ మూత బిగించి, బయటికొచ్చి 1906కు ఫోన్ చెయ్యుర్రి, రాత్రి పగలు ఎత్తుతరు.

సిలిండర్ తీస్కునేటప్పుడు పై రింగు కింద పట్టీల మీద లోపలి దిక్కు చూడండి, ఇంగ్లీషు అక్షరం, ఏడాది రాసుంటది. ఏ అంటె జనవరి నుంచి మార్చి, బి అంటె జూన్ దాక, సి సెప్టెంబర్, డి డిసెంబర్. అది సిలిండర్‌ను మళ్ల పరీక్ష చెయ్యాల్సిన గడువు, దాటితె తీస్కోకుర్రి. ఖాళీ బరువు గూడ దాని మీదనే ఉంటది, దానికి 14.2 కిలోలు కలిపి తూకం సరిపోవాలె. తూచమని అడుగుడు మీ హక్కు. అయిపోవస్తున్నదని సిలిండర్‌ను పండబెట్టుడు, ఊపుడు మాత్రం ఎన్నడు చెయ్యకుర్రి, లోపలి ద్రవం రెగ్యులేటర్‌లకు వస్తది.

గద్దె కట్టే మేస్త్రి వచ్చినప్పుడు సిలిండర్ పక్కన నిలబెట్టి కొలవమనండి. పొయ్యి ముందే కొని తెచ్చి, ఇటికెలు పేర్చి దాని మీద పెట్టి, అత్తమ్మతోని పిండి కొట్టిచ్చి చూసినంకనే బండ వెయ్యనియ్యుర్రి.