వినికిడి లోపమున్న పాపను ఊరి బడి మాన్పించాలా?

ప్రశ్న (పర్లాకిమిడి, తల్లి): మా ఎనిమిదేళ్ల పాప వినికిడి యంత్రంతో ఒడియా బడికి వెళుతోంది. ఇంట్లో మాది తెలుగు. టీచరుగారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పెదవులు కనబడక, పక్కపిల్ల నోటుబుక్కు చూసి రాసుకుంటోంది. ప్రత్యేక పాఠశాలకు మార్చమంటున్నారు; తప్పదా అండీ?

జవాబు (రాయగడ, ఉపాధ్యాయుడు): తప్పనిసరి కాదమ్మా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందిన 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకోవచ్చు. పాపను ముందు వరుసలో కూర్చోబెట్టమని, టీచరుగారిని పిల్లల వైపు తిరిగే పాఠం చెప్పమని అడగండి.

జవాబు (బరంపురం): పరీక్షల్లో అదనపు సమయాన్ని, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపును 17వ సెక్షన్ ప్రస్తావిస్తోంది. అయినా ఇంట్లో తెలుగు మాత్రం మానకండి. పాపకు అమ్మతో మాట్లాడే భాష అదే కదా.

తల్లి: రేపే హెడ్మాస్టరుగారికి దరఖాస్తు ఇస్తాను.