ముసురు పడితే తువ్వాళ్లు ఆరట్లేదు, బాత్రూంలో చెమ్మ పోవట్లేదు

ప్రశ్న: మాది చెన్నై వేళచ్చేరిలో ఫ్లాట్, నలుగురం ఉంటాం. అక్టోబరు వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున తుడుచుకున్న తువ్వాలు రాత్రికీ తడిగానే ఉంటోంది, మర్నాటికి ముక్క వాసన. బాత్రూం తలుపు వెనక కొక్కేలకి వేస్తాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాం, పక్కనున్న అద్దాల రెక్కల కిటికీ కూడా తెరిచే ఉంచుతాం. అయినా పైకప్పు మూలల్లో నల్ల బూజు. గాలిలో చెమ్మ లాగేసే యంత్రం, అదే డీహ్యుమిడిఫయర్, కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు ఆ కిటికీ మూయండి. ఫ్యాను పక్కనే కిటికీ తెరిచి ఉంటే దగ్గర్లో దొరికిన బయటి గాలినే లాగి మళ్లీ బయటికి తోస్తుంది, షవర్ దగ్గరి ఆవిరి అక్కడే ఉండిపోతుంది. కిటికీ మూసి తలుపు బెత్తెడు తెరిస్తే ఇంట్లో గాలి బాత్రూమంతా దాటుకుని ఫ్యాను దాకా వెళ్తుంది. తలుపు మూసే ఉంచాలంటే కింద సందు ఉండాలి. ఫ్యాను వేసి ఆ సందు దగ్గర పలచటి కాగితం పట్టి చూడండి, లోపలికి లాగాలి. స్నానాలయ్యాక 20–30 నిమిషాలు తిరగనివ్వండి. అంతకంటే ముందు గోడల మీదా గచ్చు మీదా నీళ్లు వైపర్‌తో తూములోకి లాగేయాలి. ఈ పని ఎవరూ చెయ్యరు గానీ, అలా పోయిన నీళ్లు ఇక ఆవిరి కావు కదా.

తువ్వాళ్లు మాత్రం బాత్రూంలో వద్దండీ. కొక్కేనికి వేస్తే లోపలి మడతలకి గాలే తగలదు. పడగ్గదిలో దండెం మీద ఒంటి పొరగా పరిచి సీలింగ్ ఫ్యాన్ వేయండి. అలా కూడా ఆరకపోతే అప్పుడు యంత్రం సంగతి చూద్దాం.

ఇంకొకరి జవాబు: మందపాటి టర్కీ తువ్వాళ్లు వానలు పోయేదాకా బీరువాలో పెట్టి పలచటి నూలు తుండ్లు వాడండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మానేయండి, అది దారం మీద పొరలా పట్టి నీళ్లు పీల్చనివ్వదు. వాసన పట్టినవాటిని 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.

అడిగినవారు: కాగితం అసలు కదల్లేదండీ! చూస్తే ఫ్యాను బయటి షట్టర్ రెక్కలు మురికితో అతుక్కుపోయి ఉన్నాయి. తుడిచాక లాగుతోంది. చాలా థాంక్సండీ. మరి ఆ బూజు?

జవాబు: మాస్కు, గ్లౌజులు వేసుకుని, ఫ్యాను ఆన్‌లో ఉంచి, బ్లీచ్ కలిపిన నీళ్లతో తుడవండి. టైల్స్ కడిగే యాసిడ్ ఆ రోజు ముట్టుకోవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. ఇంట్లో పనిచేసే ఆవిడకి కూడా ఈ మాట తప్పకుండా చెప్పండి.