స్కీ బోటుకి కొత్త స్ట్రట్ బిగించాలి, షాఫ్ట్ లైనుకు రావడం లేదు

కమ్మింగ్, జార్జియా నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా దగ్గర 19 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ స్కీ బోటు ఉంది. ఇంజన్ మధ్యలో ఉంటుంది, డైరెక్ట్ డ్రైవ్, అంటే ఇంజన్ నుంచి షాఫ్ట్ తిన్నగా ప్రొపెల్లర్‌కు వెళ్తుంది. షాఫ్ట్ 1 అంగుళం, ప్రొపెల్లర్ 13 అంగుళాలు. కిందటి శీతాకాలానికి ముందు లేక్ లేనియర్‌లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు, అడుగున ఉన్న చెట్టు మొద్దు తగిలింది. ప్రొపెల్లర్, షాఫ్ట్, బోటు అడుగున షాఫ్ట్‌ను పట్టి ఉంచే స్ట్రట్ మూడూ వంగాయి. పిల్లలు కూడా బోటులోనే ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగలలేదు, అదే పదివేలు.

షాఫ్ట్, ప్రొపెల్లర్ కొత్తవి వచ్చాయి. స్ట్రట్ కూడా చూడటానికి పాతదానిలాగే ఉన్నది తెప్పించాను. కానీ దాన్ని బోటు అడుగుకు ఆనించి షాఫ్ట్ దూర్చితే, అది షాఫ్ట్ లాగ్ (షాఫ్ట్ బోటు లోపల్నుంచి బయటికి వచ్చే గొట్టం) పైఅంచుకు రాసుకుంటోంది. వాషర్లు పెట్టి సర్దేయవచ్చా? ఇంకో సంగతి, పాత బోల్టుల రంధ్రాల్లో పుల్లతో కెలికితే, ఫైబర్ పొరల మధ్య ఉండే చెక్క తడి పొట్టుగా వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

డాలస్ నుంచి:

బ్రదర్, నాకూ ఇలాగే అయింది. స్ట్రట్ ముందువైపు రెండు బోల్టుల దగ్గర వాషర్లు పెట్టి బిగించాను. షాఫ్ట్ తిన్నగా వచ్చింది, ఒక సీజన్ అంతా నడిచింది.

హ్యూస్టన్ నుంచి:

డాలస్ అన్నగారూ, మీ బోటు నడిచిందంటే కాదనను. కానీ ఆ పద్ధతి వద్దని గట్టిగా చెబుతాను. వాషర్ పెడితే స్ట్రట్ బేస్ అంతా అడుగుకు ఆనదు, రెండు మూడు చోట్లే ఆనుతుంది. ప్రొపెల్లర్ వణుకు, మలుపుల్లో పక్కకు పడే ఒత్తిడి అన్నీ ఆ రెండు మూడు చోట్ల మీదే పడతాయి. ఫైబర్ పొర కదిలి కదిలి పగులుతుంది.

కమ్మింగ్ మిత్రమా, ముందు కొత్త స్ట్రట్ సరైనదో కాదో తేల్చండి. స్ట్రట్‌కు ముఖ్యమైన కొలతలు రెండు. బేస్ నుంచి బేరింగ్ మధ్య వరకు ఉండే దూరాన్ని డ్రాప్ అంటారు. బేస్‌కూ బేరింగ్‌కూ మధ్య ఉన్న వాలు రెండోది. కళ్లకు రెండు స్ట్రట్‌లు ఒకేలా కనిపించినా ఒక్క డిగ్రీ తేడా ఉంటే చాలు, 40 అంగుళాలు ముందుకు వెళ్లేసరికి షాఫ్ట్ దాదాపు 0.7 అంగుళం పైకో కిందికో పోతుంది. షాఫ్ట్ లాగ్‌లో అంత ఖాళీ ఎక్కడుంటుంది? మీకు పైఅంచు రాసుకుంటోందంటే వాలు ఎక్కువై ఉండాలి, లేదా డ్రాప్ తక్కువై ఉండాలి. వంగిపోయిన పాత స్ట్రట్‌ను కొలిచి ఆర్డర్ చేస్తే తప్పు కొలతే వస్తుంది. కొలత షాఫ్ట్ లైన్ నుంచి తీసుకోవాలి.

విశాఖపట్నం నుంచి:

బాబూ, నేను షిప్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా పని చేసి రిటైర్ అయ్యాను. మీరు స్ట్రట్ అనేదాన్ని మేం ఏ-బ్రాకెట్ అంటాం. ఓడ పెద్దదైనా బోటు చిన్నదైనా పని ఒకటే. గేర్‌బాక్స్‌కు షాఫ్ట్‌ను కలిపే కప్లింగ్ మధ్య నుంచి, షాఫ్ట్ లాగ్ మధ్య నుంచి వెనక్కి ఒక సన్న పియానో వైరు బిగుతుగా లాగు. ఆ వైరు ఎక్కడికి వస్తే బేరింగ్ మధ్యభాగం అక్కడే ఉండాలి. ముందు లైను, ఆ తర్వాతే బ్రాకెట్. దెబ్బ గట్టిగా తగిలింది కాబట్టి ఇంజన్‌ను బోటుకు బిగించే మౌంట్లు కదిలాయేమో కూడా చూసుకో. అవి కదిలి ఉంటే వైరు కూడా తప్పే చెబుతుంది.

కమ్మింగ్ నుంచి:

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. మౌంట్లు బాగానే ఉన్నాయి. మీరు చెప్పినట్టే వైరు లాగాను. డ్రాప్ సరిపోయింది, వాలు మాత్రం ఒక డిగ్రీ ఎక్కువ. బేస్ పొడవు 8 అంగుళాలు. వేరే స్ట్రట్ తెప్పించాలా?

హ్యూస్టన్ నుంచి:

అక్కర్లేదు. 8 అంగుళాల మీద ఒక డిగ్రీ అంటే ముందువైపు 0.14 అంగుళం ఖాళీ. దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపవచ్చు. రెండు మూడు డిగ్రీలు ఉంటే మార్చమనేవాణ్ని.

కానీ చెక్క సంగతి ముందు. తడి ప్లైవుడ్ మీద ఏ స్ట్రట్ బిగించినా నిలబడదు. బోల్టులు బిగించే కొద్దీ చెక్క నలిగి, బోల్టు మళ్లీ వదులవుతుంది. లోపలివైపు నుంచి పొర కోసి, మెత్తబడిన చెక్కను గట్టి చెక్క వచ్చేదాకా తీసేయండి. పూర్తిగా ఆరనివ్వండి. తొందరపడి హీట్ గన్‌తో గంటలో ఆరబెట్టకండి, పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. స్ట్రట్ కూర్చునే చోట మళ్లీ చెక్క పెట్టొద్దు. ఎపాక్సీ, బైయాక్సియల్ గుడ్డ (రెండు దిక్కుల్లో పోగులున్న ఫైబర్‌గ్లాస్ గుడ్డ) పొరలతో గట్టి ఫైబర్ కట్టండి. అంచులు నిలువుగా కాకుండా పొర మందానికి 12 రెట్లు వాలుగా చెక్కితే కొత్త పొర పాతదానితో కలిసిపోతుంది. లోపలివైపు బోల్టుల కింద పావు అంగుళానికి తగ్గని జీ-10 (ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ కలిపి చేసిన గట్టి) పలక పెట్టండి.

ఇక బిగింపు. దీన్ని నేను రెండుసార్లలో చేస్తాను. స్ట్రట్‌లో కొత్త బేరింగ్ వేసి, షాఫ్ట్ దూర్చి, షాఫ్ట్ లాగ్ దగ్గర చుట్టూ సమానంగా టేపు చుట్టి షాఫ్ట్‌ను సరిగ్గా మధ్యలో నిలబెట్టండి. ముందువైపు కప్లింగ్‌కు కలపండి. ఇప్పుడు స్ట్రట్ ఎక్కడ ఉండాలో షాఫ్టే చెబుతుంది. బేస్‌కు మైనం రాసి, బోటు అడుగున చిక్కటి ఎపాక్సీ పెట్టి, బోల్టులు చేత్తో మాత్రమే బిగించండి. స్పానర్ ముట్టుకోవద్దు. స్పానర్‌తో లాగితే ఎపాక్సీ అంతా బయటికి వచ్చేసి, స్ట్రట్ మళ్లీ పాత తప్పు వాలుకే వెళ్లి కూర్చుంటుంది. ఈ ఒక్క చోట ఓపిక పట్టండి. గట్టిపడ్డాక స్ట్రట్ తీస్తే, దాని అచ్చు అడుగున దిగి ఉంటుంది. మైనం తుడిచి, నీటికింద వాడే పాలీయూరిథేన్ సీలెంట్ రాసి అప్పుడు పూర్తిగా బిగించండి. 3ఎం కంపెనీ సీలెంట్లలో 5200 రకం వాడితే మళ్లీ ఊడదీయడం నరకం. నేనైతే 4200 వాడతాను.

స్ట్రట్ కాలు బోటు మధ్యగీతకు తిన్నగా ఉందో లేదో కూడా చూడండి. కాస్త అడ్డంగా ఉంటే అది చిన్న చుక్కానిలా పని చేసి స్టీరింగ్‌ను ఒక పక్కకు లాగుతుంది, ప్రొపెల్లర్‌కు వచ్చే నీళ్లనూ చెదరగొడుతుంది.

డాలస్ నుంచి:

మీ మాట చదివాక నా బోటు కిందికి దూరి చూశాను. వాషర్ల చుట్టూ జెల్‌కోట్‌లో (ఫైబర్ పైన ఉండే నున్నటి పూతలో) పగుళ్ల గీతలు పడి ఉన్నాయి. ఈ చలికాలం నేనూ విప్పుతున్నాను. ఒక సందేహం. మాది వేగంగా వెళ్లే బోటు, వీ-స్ట్రట్ మేలా? బోల్టులు స్టెయిన్‌లెస్ పెట్టవచ్చా?

హ్యూస్టన్ నుంచి:

వీ-స్ట్రట్‌కు రెండు కాళ్లు కాబట్టి పక్క ఊపుకు గట్టిగా నిలుస్తుంది. నీటిలో లాగుడు కూడా ఎక్కువే. పెద్ద ఇంజన్, పొడవు షాఫ్ట్ ఉంటే దానికి వెళ్లండి. మామూలు స్కీ బోటుకు మంచి కాంస్యం ఒంటికాలి స్ట్రట్ చాలు. కాంస్యం స్ట్రట్‌కు సిలికాన్ బ్రాంజ్ బోల్టులే పెట్టండి. గాలి తగలని తడిలో స్టెయిన్‌లెస్‌ను తుప్పు లోలోపల తినేస్తుంది, పైకి కనిపించదు. ఇత్తడి అసలే వద్దు.

ఇద్దరూ ప్రొపెల్లర్ ఖాళీ కూడా కొలవండి. రెక్క కొసకూ బోటు అడుగుకూ మధ్య ప్రొపెల్లర్ వ్యాసంలో కనీసం 15 శాతం ఉండాలి. 13 అంగుళాల ప్రొపెల్లర్‌కు సుమారు 2 అంగుళాలు. బేరింగ్ చివర నుంచి ప్రొపెల్లర్ హబ్ వరకు దూరం షాఫ్ట్ వ్యాసాన్ని మించకూడదు, మీకు 1 అంగుళం.

కమ్మింగ్ నుంచి:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. చెక్క అనుకున్న దానికంటే ఎక్కువే పోయింది, రెండు చేతుల వెడల్పున తీయాల్సి వచ్చింది. ఎపాక్సీ పని అయ్యాక షాఫ్ట్ రెండు వేళ్లతో తిరుగుతోంది! ట్రెయిలర్ మీదే కప్లింగ్ రెండు ముఖాల మధ్య ఖాళీ తేడాను 3 థౌకు (అంగుళంలో వెయ్యో వంతులు మూడు) సర్దాను. సరిపోతుందా?

విశాఖపట్నం నుంచి:

సరిపోదు బాబూ. నీళ్లలోకి దించాక బోటు ఆకారం కొద్దిగా మారుతుంది. ఒక రాత్రి నీళ్లలో ఉంచి, పొద్దున్నే కప్లింగ్ బోల్టులు వదులు చేసి, ఫీలర్ గేజ్‌తో (సన్న ఖాళీలు కొలిచే రేకులతో) నాలుగు వైపులా మళ్లీ చూడు. ఓడలకు కూడా అలైన్‌మెంట్ ఆఖరిసారి నీళ్లలోనే చూస్తాం.

కమ్మింగ్ నుంచి:

మీరు చెప్పినట్టే చేశాను బాబాయ్ గారూ. కింద 7 థౌ వచ్చింది. ఇంజన్ ముందువైపు మౌంట్లు సర్ది 3కు తెచ్చాను. నిన్న 3,500 ఆర్‌పీఎం వరకు నడిపాను, బోటు ఫ్లోర్ మీద కాలు పెడితే వణుకు లేదు. నీళ్లు లోపలికి రాకుండా షాఫ్ట్ చుట్టూ ఉండే ప్యాకింగ్ దగ్గర మాత్రం నడుస్తున్నప్పుడు నిమిషానికి మూడు చుక్కలు కారుతున్నాయి.

హ్యూస్టన్ నుంచి:

ఆ చుక్కలు ఉండాలి, బిగించి ఆపకండి. ప్యాకింగ్‌కు చల్లదనం ఆ నీళ్లే. పది గంటలు నడిచాక స్ట్రట్ బోల్టులు, కప్లింగ్ ఇంకోసారి చూడండి.