స్థానిక సంస్థ నడిపే డే కేర్‌లో పాపకు చోటు కోసం ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. మా పాపకు 14 నెలలు. ఇంకో 3 నెలల్లో నేను మళ్లీ ఉద్యోగంలో చేరాలి. మా వారివి షిఫ్టులు, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. అందుకే స్థానిక సంస్థ నడిపే డే కేర్‌లో చేర్చాలనుకుంటున్నాం.

అప్లికేషన్‌లో ఏ తేదీ నుంచి, రోజుకు ఎన్ని గంటలు అని అడిగారు. షిఫ్టులు వారం వారం మారుతుంటే గంటలు ఎలా రాయాలి? ఎక్కువ రాస్తే ఫీజు పెరుగుతుందేమో, తక్కువ రాస్తే సాయంత్రం పాపను తీసుకొచ్చేవాళ్లు ఉండరు. ఇలాంటి పరిస్థితిలో మీరేం రాశారు? జనన ధ్రువపత్రం, టీకాల కార్డు సిద్ధంగా ఉన్నాయి. ఆఫీసు నుంచి పని వేళల లెటర్ కూడా జత చేస్తే మంచిదా?

నా అసలు టెన్షన్ వేరే. ఈ వయసు పిల్లలు అమ్మ కనపడకపోతే ఏడవడం సహజమేనని తెలుసు. అయినా పాప నా కొంగు వదలదు, పక్కగదిలోకి వెళ్లినా వెతుక్కుంటూ వస్తుంది. మొదటి రోజుల్లో తల్లి పక్కనే కూర్చుని, తర్వాత కొద్దికొద్దిగా సమయం పెంచే పద్ధతి ఉంటుందట. అలా చేసినవాళ్లు ఎన్ని రోజులు పట్టిందో చెప్పండి. దానికి తగ్గట్టు సెలవు అడుగుతాను. అక్కడ మధ్యాహ్నం నిద్రకు ఎలా అలవాటు పడ్డారో కూడా చెప్పండి.

ఇంకొకటి, మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అక్కడ వేరే భాష. పాపకు ఆకలి, దాహం లాంటి నాలుగు మాటలు రాసి టీచర్‌కు ఇస్తే ఉపయోగపడుతుందా?