టీ కొట్టులో వేరే గ్లాసు: గొడవ లేకుండా ఎలా ఆపించాలి?

మాది కావలి దగ్గర పల్లెటూరు. మా ఊరి టీ కొట్టులో మా దళితపేటవాళ్ళకి ఇప్పటికీ వేరే గ్లాసే. మా నాన్న అది పట్టుకుని బయట నిలబడి తాగుతుంటే కడుపు తరుక్కుపోతుంది.

1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ గారు వేలమందితో వెళ్ళి, దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగారు. తర్వాత దాడి జరిగినా తనవాళ్ళను తిరిగి కొట్టనివ్వలేదు. మేమూ ఇరవై మందిమి అలాగే లోపల కూర్చుని అందరి గ్లాసులోనే టీ అడగాలనుకుంటున్నాం.

పెద్దవాళ్ళకి మాత్రం టెన్షన్. 1985లో దళితులను చంపిన కారంచేడు గొడవా చెరువు దగ్గరే మొదలైంది కదా. పైగా మా కూలిపనులన్నీ ఊళ్ళోని పై కులాలవాళ్ళ పొలాల్లోనే.

ముందు తహసీల్దారుకి అర్జీ ఇవ్వాలా, పోలీసులకి చెప్పి వెళ్ళాలా? వాళ్ళు మాకు పనులు ఇవ్వడం ఆపేస్తే ఎలా తట్టుకోవాలి, మీరెలా తట్టుకున్నారు? ఇలాంటివి చేసినవాళ్ళు దయచేసి చెప్పండి.