సిగ్నల్ నిలిచే, ఛార్జింగ్ సతాయించని ఫోన్ ఎలా ఎంచుకోవాలి?

పాత_చార్జర్:
ఇక ఫోన్ మార్చక తప్పేలా లేదు. ఛార్జింగ్ పిన్ను ఓ పక్కకి వంచి పట్టుకుంటేనే ఎక్కుతోంది, చెయ్యి తీస్తే ఆగిపోతుంది. పైగా లోపలి గదిలోకి వెళ్తే చాలు, మాట్లాడుతుండగానే కాల్ కట్. కెమెరా, గేమ్స్ నాకు అక్కర్లేదు, కాల్ నిలవాలి, కేబుల్ పెడితే ఛార్జ్ ఎక్కాలి, అంతే. ఏది చూసినా 5జీ అనే రాసుంటోంది, మరి సిగ్నల్ బాగా పట్టేది ఏదో ఎలా తెలుస్తుంది?

నట్టుబోల్టు:
కొనేముందు రెండు చూడండి. పిన్ను పూర్తిగా దిగకుండా కాస్త బయటే ఉండిపోతోందా? అయితే పోర్టులో జేబు నూగు గట్టిపడి ఉంటుంది. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. సూది, పిన్నీసు మాత్రం వద్దు, టైప్-సి మధ్యలో సన్నటి నాలుకలాంటిది ఉంటుంది, అది దెబ్బతింటే పోర్టు పోయినట్టే. రెండోది, మీ సిమ్ వేరే ఫోన్‌లో వేసి అదే గదిలో మాట్లాడి చూడండి. అక్కడా కట్ అయితే ఫోన్ మార్చినా ఇదే గోల ఉండొచ్చు.

గీతలొద్దు:
పైన కనిపించే గీతల్ని నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేసి చూపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె ఉంటుంది. 4జీలో మైనస్ 90 అంటే హాయిగా ఉన్నట్టు, మైనస్ 115 కంటే కిందికి పడిందంటే కాల్ నిలవడం కష్టం. ఇక కొనేటప్పుడు చూడాల్సింది బ్యాండ్లు, అంటే ఫోన్ పట్టగలిగే ఫ్రీక్వెన్సీలు. 700, 800, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలే గోడలు దాటి లోపలికి బాగా వస్తాయి. మీ నెట్‌వర్క్ వాటిలో ఏది వాడుతుందో కనుక్కుని, ఫోన్‌లో అదుందో లేదో చూడండి. పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి మోడల్ నంబర్, బ్యాండ్లు మారిపోతాయి, కాబట్టి డబ్బా మీదున్న నంబర్‌తోనే వెతకండి.

తీగలేనివాడు:
ఛార్జింగ్ సంగతైతే నా ఓటు వైర్‌లెస్ కూడా ఉన్నదానికే. రేపు పోర్టు వదులైనా ఫోన్ మూలన పడదు.

నట్టుబోల్టు:
అది అత్యవసరానికి సరే గానీ రోజూ దాని మీదే పెడితే ఫోన్ వేడెక్కుతుంది, ఆ వేడే బ్యాటరీకి శత్రువు. నేనైతే పోర్టు విడిగా మార్చుకునే వీలున్న మోడల్ చూస్తాను. కొన్నిట్లో అది చిన్న బోర్డు మీద విడిగా ఉంటుంది, కొన్నిట్లో మెయిన్ బోర్డుకే అతికించేస్తారు, రిపేర్ చేసేవాళ్లని అడిగితే చెప్తారు.

పాత_చార్జర్:
నూగు బాగానే వచ్చింది కానీ పిన్ను ఇంకా వదులే. సిమ్ అక్క ఫోన్‌లో వేస్తే అదే గదిలో మైనస్ 104, నా దాంట్లో మైనస్ 117.

గీతలొద్దు:
ఆ 13 తేడా చిన్నదనుకోకండి, సిగ్నల్ బలంలో దాదాపు 20 రెట్లు. తప్పు మీ ఫోన్‌దే, మార్చేయండి. అక్క ఫోన్ మోడల్ ఇప్పటికీ దొరికితే అదే తీసుకోండి, మీ గదిలో పరీక్ష పాసైంది కదా. వేరేది చూస్తే మాత్రం వీవోఎల్‌టీఈ (4జీ మీదే కాల్ వెళ్లడం), వైఫై కాలింగ్ (వైఫై మీద కాల్ వెళ్లడం) మీ నెట్‌వర్క్‌లో ఆ మోడల్‌కి పనిచేస్తాయో లేదో ముందే అడగండి, ఫోన్‌లో ఆప్షన్ ఉన్నంత మాత్రాన సరిపోదు, నెట్‌వర్క్ వాళ్లూ ఒప్పుకోవాలి.